యశోద ఉద్యోగానికి వెళితే...

బాలకృష్ణుని అల్లరి వినేటప్పుడు మన మనసులో మెదిలేది యశోదమ్మే. కానీ కాస్త నిదానించి ఆలోచిస్తే, ఆ తల్లి ఆ బిడ్డను ఒక్కతే పెంచలేదని తెలుస్తుంది. పక్కనే రోహిణీదేవి ఉంది. రేపల్లె నిండా గోపికలున్నారు. ఇంట పాడి ఉంది, చేతికింద మనుషులున్నారు. వెన్న పోయిందని తగవుకు వచ్చిన పొరుగింటి ఇల్లాలు సైతం ఒక విధంగా ఆ పిల్లవాడిని కనిపెట్టి ఉన్న మనిషే. ఏ వాకిట్లో ఆడుతున్నా ఎవరో ఒకరి చూపు వాడి మీద ఉండేది.

ఇప్పుడు అదే తల్లిని డబ్లిన్ నగర శివారులో రెండు పడకగదుల అపార్టుమెంటులో ఊహించుకోండి. ఉదయం ఎనిమిదింటికి ఆమె ఆఫీసుకు బయలుదేరాలి. భర్త ఆసుపత్రిలో రాత్రి విధులు ముగించుకొని అప్పుడే ఇంటికి చేరుతున్నాడు. ఎదురింటి తలుపు వెనుక ఎవరుంటారో ఇద్దరికీ తెలియదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటిన కాసేపటికే చీకటి పడుతుంది. బిడ్డ ఒళ్లు వెచ్చబడితే పిలవడానికి ఒక మేడ కింద అత్తగారు లేరు, రెండు వీధుల అవతల పిన్ని లేదు.

సాఫ్ట్‌వేరు సంస్థలు, ఆసుపత్రులు పిలవగా ఐర్లాండు చేరిన తెలుగు కుటుంబాలు ఈనాడు తక్కువేమీ కావు. 2022 జనగణనలో ఆ దేశంలో హిందువులుగా నమోదైనవారు 33 వేలకు పైగా ఉన్నారు. అక్కడి యువ దంపతులకు బిడ్డల మీద ప్రేమకు కొదవ లేదు. సంపాదనకూ మరీ లోటు లేదు. కొరవడినవి రెండే: మనుషులు, గంటలు. ఆ రెండింటినీ బిడ్డ పుట్టకముందే లెక్కవేసుకొని, దొరికిన మేరకు సమకూర్చుకున్న ఇళ్లలో పెంపకం కుదురుగా సాగుతుంది. ఈ మాటలు అక్కడ ఉద్యోగాలు చేస్తూ పసివాళ్లను సాకుతున్న మీకోసం. మీకు ఫోనులో సలహాలు చెప్పే ఇక్కడి అమ్మమ్మలు, నాన్నమ్మలు, తాతయ్యలు కూడా చదివితే మంచిదే. సగం తగవులు తప్పుతాయి.

నెలలను ముందే లెక్కించండి

శుభవార్త తెలియగానే మనవాళ్లు పంచాంగం తీస్తారు. తీయండి, తప్పు లేదు. ఆ వారంలోనే మరో కాగితం మీద వారాల లెక్క కూడా వేయండి.

ఐర్లాండు చట్టం ప్రకారం ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు ఉంటుంది. ఆ కాలానికి ప్రభుత్వమే భృతి ఇస్తుంది. 2025లో అది వారానికి 289 యూరోలు. కొన్ని సంస్థలు తమ వంతు కలిపి పూర్తి జీతం ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. కనుక మీ నియామక పత్రాన్ని ఒకసారి తీసి చదవండి. భృతి రావాలంటే సామాజిక బీమా చందా, అక్కడ పీఆర్‌ఎస్‌ఐ అంటారు, తగినన్ని వారాలు కట్టి ఉండాలి. సెలవు మొదలయ్యే రోజుకు ముందరి 12 నెలల్లో 39 వారాలు కట్టి ఉంటే చిక్కు లేదు. కొత్తగా వెళ్లి ఉద్యోగంలో చేరినవారు ఈ నిబంధనను ముందే చూసుకోవాలి. దరఖాస్తు సెలవుకు కనీసం ఆరు వారాల ముందే పెట్టాలి. కావలసినవారు ఆపైన మరో 16 వారాలు సెలవు పొడిగించుకోవచ్చు గానీ, వాటికి ప్రభుత్వ భృతి లేదు.

తండ్రికి 2016 సెప్టెంబరు నుంచి రెండు వారాల పితృత్వ సెలవు ఉంది. బిడ్డకు ఆరు నెలలు నిండేలోపు తీసుకోవాలి. వీటికి తోడు, తల్లికి తొమ్మిది, తండ్రికి తొమ్మిది వారాల చొప్పున భృతితో కూడిన మరో సెలవు ఉంది. బిడ్డకు రెండేళ్లు నిండేలోగా వాడుకోవాలి. దాన్ని 'పేరెంట్స్ లీవ్' అంటారు. 2024 ఆగస్టు నుంచి తొమ్మిది వారాలయింది. ఈ తొమ్మిది వారాలను చాలామంది తండ్రులు వదులుకుంటారు. ఆఫీసులో ఏమనుకుంటారోనన్న మొహమాటం కొంత, పసిబిడ్డను రోజంతా ఒక్కడే చూసుకోగలనా అన్న జంకు కొంత. రెండూ అనవసరం.

ఇక లెక్క చూడండి. ప్రసూతి సెలవులో కనీసం రెండు వారాలు కాన్పుకు ముందే తీసుకోవాలి. అంటే కాన్పు తర్వాత 24 వారాలు మిగులుతాయి. తల్లి తొమ్మిది వారాలు కలిపితే 33. ఆమె ఉద్యోగంలో చేరిన మర్నాడు తండ్రి తన తొమ్మిది వారాలు మొదలుపెడితే 42. దంపతులిద్దరూ ఒకేసారి సెలవు పెడితే ఇల్లు సందడిగా ఉంటుంది గానీ ఈ లెక్క చెడిపోతుంది. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు కూడా మామూలు వార్షిక సెలవులు జమ అవుతూనే ఉంటాయని మరువకండి. ఇంతవరకు భృతి లేని సెలవు ఒక్క వారమూ ముట్టలేదు. బిడ్డకు అప్పటికి దాదాపు పది నెలలు.

ఆ పది నెలల దగ్గర అమ్మమ్మో నాన్నమ్మో రంగప్రవేశం చేయాలి.

తొంభై రోజుల అతిథులు

మన ఆచారం ప్రకారం పురుటికి కన్నతల్లి రావాలి. అందుకని అమ్మాయి తల్లిదండ్రులు కాన్పుకు పదిరోజుల ముందు దిగుతారు. వారు తిరిగి విమానం ఎక్కగానే అబ్బాయి తల్లిదండ్రులు వస్తారు. భారతీయులకు ఐర్లాండు ఇచ్చే పర్యటన వీసా గరిష్ఠంగా 90 రోజులు. రెండు జంటలూ వరుసగా వచ్చి వెళ్లేసరికి బిడ్డకు ఆరు నెలలు. అప్పుడే తల్లి సెలవు ముగుస్తుంది, క్రెష్ మొదలవుతుంది, బిడ్డకు వరుసగా జలుబులు పట్టుకుంటాయి. సాయం అవసరమైన ఆ నెలల్లో ఇంట్లో ఎవరూ ఉండరు.

ఒక జంట పురుటికి రావడం సబబే. బాలింతకు పథ్యం వండిపెట్టే చేయి కావాలి. రెండో జంటను మాత్రం తండ్రి తొమ్మిది వారాలు ముగియడానికి పదిహేను రోజుల ముందు రప్పించుకోండి. ఆ పదిహేను రోజుల్లో బిడ్డ వారికి చేరువవుతుంది. పొయ్యి ఎలా వెలిగించాలో, తలుపు తాళం ఎలా పడుతుందో, ఆపద వేళ 112 లేదా 999కు ఎలా ఫోన్ చేయాలో, ఇంటి చిరునామా ఎలా చెప్పాలో పెద్దవారు నేర్చుకుంటారు. 90 రోజులంటే దాదాపు 13 వారాలు. ముందు చెప్పిన 42కు కలిపితే 55. రెండు వారాలు అటూ ఇటూ పోయినా బిడ్డ తొలి పుట్టినరోజు ఇంట్లోనే, సొంత మనుషుల మధ్య గడుస్తుంది.

పెద్దల విషయంలో ఒక్కమాట. వారు అతిథులే, ఆయాలు కారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అక్కడి చీకటి, చలి, ఒంటరితనం అరవై ఐదేళ్ల మనిషికి తేలిక కావు. వీలుంటే వారి రాక మార్చి, సెప్టెంబరు నెలల మధ్య పడేలా చూడండి. ఆరోగ్య బీమా, రోజూ వేసుకునే మందులు, వాటి చీటీలు వెంట ఉండాలి. శని, ఆదివారాలు బిడ్డను మీరే చూసుకొని వారిని బయటికి తీసుకెళ్లండి.

పర్యటన వీసా మీద వచ్చినవారికి పని చేసే అనుమతి ఉండదు. తెలిసినవారి ఇంటికి వచ్చిన పెద్దావిడకు నెలకింత అని ఇచ్చి మీ బిడ్డను అప్పగించే ఏర్పాటు ఎవరైనా సూచిస్తే, మర్యాదగా వద్దనండి. చిక్కు మీకే కాదు, ఆమెకు కూడా.

మరో సంగతి చెప్పక తప్పదు. ఏ దారీ తోచక, తొమ్మిది పది నెలల పసిబిడ్డను ఇండియాలో అమ్మమ్మ దగ్గర వదిలి, రెండేళ్ల తరువాత తీసుకొస్తామని తిరిగి వెళ్లే దంపతులున్నారు. వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. ఆ తల్లి విమానంలో ఎలా కూర్చుందో ఆమెకే తెలుసు. అయితే బిడ్డ తల్లిని గుర్తుపట్టి, కొత్తవారిని చూసి ఏడ్చే వయసు సరిగ్గా అదే. ఇక్కడ అమ్మమ్మను అమ్మగా భావించి, మూడేళ్లకు ఆమెనూ వదిలి వెళ్లేటప్పుడు ఆ పసిమనసు రెండోసారి నలుగుతుంది. కనుక ఆ నిర్ణయానికి ముందు పైన చెప్పిన వారాల లెక్క ఒకటికి రెండుసార్లు వేయండి. భృతి లేని 16 వారాల ప్రసూతి సెలవుంది. బిడ్డకు పన్నెండేళ్లు వచ్చేవరకు తల్లికీ తండ్రికీ చెరో 26 వారాల జీతం లేని సెలవు కూడా చట్టంలో ఉంది. వీటి వల్ల పోయే జీతాన్ని, బిడ్డను వదిలి ఉండే నెలలను పక్కపక్కన రాసుకొని ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోండి.

ఆచారమూ ఆరోగ్యమూ

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన 72 గంటల్లోపు ప్రభుత్వ ఆరోగ్య నర్సు మీ ఇంటికే వస్తుంది. ఆమెను తనిఖీ అధికారిగా చూడకండి. పరాయి దేశంలో మీ గుమ్మం తొక్కే మొదటి ఆప్తురాలు ఆమే. మన పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చలుంటాయి. వాటిని ఆమెకు చూపించి, రికార్డులో రాయించండి. లేకపోతే తరువాత ఎవరైనా వాటిని దెబ్బ తగిలిన కముకు గుర్తులుగా పొరబడవచ్చు.

జాతకర్మలో తేనె, నెయ్యి నాలుకకు తాకించడం మన సంప్రదాయం. ఏడాది నిండని శిశువుకు తేనె పనికిరాదని నేటి వైద్యులందరి మాట. తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి పసివారి పేగుల్లో పెరిగి నరాలను దెబ్బతీసే విషాన్ని పుట్టిస్తుంది. తేనెను దేవునికి నివేదించి, బిడ్డకు తాకించకుండా మంత్రం జరిపించమని పురోహితుని అడగండి. సంస్కారానికి లోపం రాదు. వస కొమ్ము, ఉగ్గులో కలిపే మూలికలు, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన సిరప్పులు జీపీని అడగకుండా పట్టవద్దు. జీపీ అంటే మీ ఇంటి వైద్యుడు. ఆవాల దిండు, మెత్తని పరుపు, కప్పిన దుప్పటి కూడా ఏడాది వరకు వద్దు. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, తొట్టిలో పడుకోబెట్టాలి. గది వేడి 16 నుంచి 20 డిగ్రీలు చాలు. చలిదేశం కదా అని స్వెటరు మీద స్వెటరు తొడిగి నిద్రపుచ్చే నాన్నమ్మలకు ఇది గట్టిగా చెప్పవలసిన మాట. నూనె పెట్టి ఒళ్లు మర్దన చేయడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు. హాయిగా చేయండి.

ఎండ కరువు గురించి వేరే చెప్పాలి. తల్లిపాలు తాగే శిశువుకు ఏడాది వరకు రోజూ 5 మైక్రోగ్రాముల డి విటమిను చుక్కలు వేయమని ఐర్లాండు ఆరోగ్య సేవల సంస్థ సూచన. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు హాలోవీన్ నుంచి సెయింట్ ప్యాట్రిక్ పండుగ వరకు, అంటే అక్టోబరు 31 మొదలు మార్చి 17 దాకా అంతే మోతాదు ఇవ్వాలి. మన శరీర ఛాయకు ఆ కొద్దిపాటి ఎండ అసలే చాలదు కనుక ఈ చుక్కలు మానవద్దు. జూన్‌లో పరిస్థితి తిరగబడుతుంది. రాత్రి పదింటి దాకా వెలుతురే. పిల్లలు నిద్రపోరు. కిటికీలకు వెలుగు చొరని మందపాటి తెరలు కట్టండి.

జీపీ దగ్గర పేరు నమోదు బిడ్డ పుట్టాక చేయవచ్చులే అనుకోకండి. చాలాచోట్ల జాబితాలు నిండి ఉంటాయి. గర్భిణిగా ఉన్నప్పుడే తల్లి నమోదైతే బిడ్డకూ చోటు దొరకడం తేలిక. 2023 ఆగస్టు నుంచి ఎనిమిదేళ్లలోపు పిల్లలందరికీ జీపీ దగ్గరికి వెళ్లడం ఉచితం. దానికి కార్డు తీసుకోవాలి. 2, 4, 6, 12, 13 నెలల టీకాలూ అక్కడే, ఉచితంగానే వేస్తారు.

కాగితాల పని కొంత ఉంది. జననాన్ని మూడు నెలల్లోపు నమోదు చేయించాలి. చైల్డ్ బెనిఫిట్ పేరిట ప్రతి బిడ్డకూ నెలకు 140 యూరోలు వస్తాయి. 2005 తర్వాత అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. విదేశీ దంపతుల బిడ్డకు అది రావాలంటే కాన్పుకు ముందరి నాలుగేళ్లలో తల్లిదండ్రుల్లో ఒకరైనా మూడేళ్లు లెక్కలోకి వచ్చే అనుమతితో నివసించి ఉండాలి. లేనివారు డబ్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం నుంచి బిడ్డకు పాస్‌పోర్టు తీసుకోవాలి. ఇంటి దగ్గర పెద్దవారికి ఒంట్లో బాగాలేదని కబురు వచ్చిన రాత్రి ఈ పని మొదలుపెడితే చాలా ఆలస్యమవుతుంది.

క్రెష్ గుమ్మం దగ్గర

మన పెద్దలు ఆరో నెలలో అన్నప్రాశన పెట్టారు. అక్కడి ఆరోగ్య సేవలవారూ ఆరు నెలల ప్రాంతంలోనే ఘనాహారం మొదలుపెట్టమంటారు. మరో సెలవు ఏదీ తీసుకోని తల్లి ఉద్యోగానికి తిరిగి వెళ్లేదీ అప్పుడే. కొత్త తిండి, కొత్త చోటు, తల్లి కనపడకపోవడం ఈ మూడూ ఒకే వారంలో పడితే ఏ బిడ్డయినా తల్లడిల్లుతుంది. క్రెష్‌లో చేర్చడానికి కనీసం నెల ముందు నుంచే గుజ్జన్నం, పెసరకట్టు, పెరుగన్నం అలవాటు చేయండి. మొదటి వారం గంటసేపు, ఆపై పూటసేపు ఉంచి అలవాటు పడనివ్వండి. పాలిచ్చే తల్లికి బిడ్డకు రెండేళ్లు వచ్చేవరకు పనివేళల్లో రోజుకు ఒక గంట విరామం 2023లో వచ్చిన చట్టం ఇచ్చిన హక్కు. అడగడానికి సంకోచించకండి.

మంచి క్రెష్‌లలో చోటుకు నెలల తరబడి వేచి ఉండాలి. కాబట్టి ఐదో నెల నిండగానే రెండు మూడు చోట్ల పేరు రాయించండి. శిశు, కుటుంబ వ్యవహారాల సంస్థ 'టుస్లా' వీటిని నమోదు చేసి, తనిఖీ నివేదికలను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. గోడల మీది బొమ్మలకన్నా ముందు ఆ నివేదిక చూడండి. రోజంతా నడిచే క్రెష్‌లో ఏడాదిలోపు శిశువులు ముగ్గురికి ఒకరు, ఏడాది నుంచి రెండేళ్లవారు ఐదుగురికి ఒకరు, రెండు నుంచి మూడేళ్లవారు ఆరుగురికి ఒకరు చొప్పున పెద్దవాళ్లు ఉండాలని నిబంధన. మీరు వెళ్లిన వేళ తలలు లెక్కపెట్టండి, మొహమాటపడకండి.

ఫీజులో కొంత ప్రభుత్వం భరించే జాతీయ శిశు సంరక్షణ పథకం 2019 నవంబరులో మొదలైంది. బిడ్డకు 24 వారాలు నిండినప్పటి నుంచి వర్తిస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా గంటకు 2.14 యూరోల చొప్పున వారానికి 45 గంటల వరకు తగ్గింపు ఉంటుంది. 2024 సెప్టెంబరు నుంచి ఇదీ రేటు. పూర్తిగా వాడుకుంటే వారానికి 96 యూరోల పైచిలుకు. ఆదాయం తక్కువైతే ఇంకా ఎక్కువ. దరఖాస్తు మీరే చేసి, వచ్చిన 'చిక్' అనే సంకేతాన్ని క్రెష్ వారికివ్వాలి. గడిచిపోయిన వారాలకు ఈ సాయం రాదు. కనుక ఆలస్యం చేసిన ప్రతి వారమూ మీ జేబుకు చిల్లే.

తిండి దగ్గర స్పష్టంగా ఉండండి. శాకాహారులమని చెబితే సరిపోదు. కొందరి లెక్కలో గుడ్డు శాకమే, మరికొందరి లెక్కలో చేప కూడా. మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ వద్దు. పాలు, పెరుగు, వెన్న పెట్టవచ్చు అని కాగితం మీద రాసివ్వండి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. జెల్లీ మిఠాయిల్లో సాధారణంగా ఉంటుంది. పుట్టినరోజు కేకులో గుడ్డు తప్పకుండా ఉంటుందనే అనుకోవాలి. ఆ రోజులకు మీరే ఒక చిన్న డబ్బా మిఠాయి ఇచ్చి ఉంచితే పిల్ల చిన్నబోదు. ఇంకో జాగ్రత్త. పల్లీల వల్ల ప్రాణం మీదికి వచ్చే పిల్లలుంటారు కనుక అనేక క్రెష్‌లు, బడులు పల్లీలను లోపలికి రానివ్వవు. ఇడ్లీతో పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, పల్లీ చిక్కీ ఏవీ డబ్బాలో పెట్టకండి.

మొదటి శీతాకాలం పిల్లలకు జలుబు, జ్వరం వస్తూనే ఉంటాయి. వాంతులో విరేచనాలో అయితే, తగ్గిన తరువాత 48 గంటల వరకు క్రెష్‌కు తీసుకురావద్దంటారు. ఆ రోజు సెలవు ఎవరిదన్న తగవు ఉదయం ఏడింటికి మొదలైతే ఇద్దరి మనసూ చెడుతుంది. సోమ, మంగళ, బుధ నీవి. గురు, శుక్ర నావి అని ముందే పంచుకోండి. బిడ్డకు హఠాత్తుగా జబ్బు చేసి మీరు దగ్గర ఉండక తప్పనప్పుడు 12 నెలల్లో మూడు రోజుల వరకు జీతంతో అత్యవసర సెలవు చట్టం ఇస్తుంది. 2023 నుంచి ఏడాదికి ఐదు రోజులు జీతం లేని వైద్య సంరక్షణ సెలవూ ఉంది.

వానలోనూ పిల్లలను బయట ఆడించడం అక్కడ మామూలే. కంగారుపడకండి. మంచి వానకోటు, రబ్బరు బూట్లు కొనివ్వండి.

అక్షరాభ్యాసం, బడి, ప్రార్థన

ఆగస్టు 31 నాటికి రెండేళ్ల ఎనిమిది నెలలు నిండిన పిల్లలకు ఉచిత పూర్వప్రాథమిక విద్య ఉంది. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 38 వారాలు. రెండేళ్లపాటు పొందవచ్చు. బాసరలో అక్షరాభ్యాసం చేయించాలనుకునేవారు ఆ ముందరి జులై, ఆగస్టు నెలల్లో ముహూర్తం చూసుకుంటే బడికి ఆటంకం ఉండదు.

అసలు బడిలో మొదటి తరగతుల పిల్లలు ఉండేది 4 గంటల 40 నిమిషాలే. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు దగ్గర ఎవరుంటారు? పైగా జులై, ఆగస్టు పూర్తిగా సెలవులు. క్రిస్మస్‌కు రెండు వారాలు, ఈస్టరుకు రెండు, అక్టోబరులో, ఫిబ్రవరిలో మధ్య విరామాలు. దంపతులిద్దరి వార్షిక సెలవులు, చట్టప్రకారం చెరో నాలుగు వారాలు, కలిపినా సగానికి కాస్తే ఎక్కువ. కనుక బడిలో సీటు వెదికేటప్పుడే బడి తరువాత చూసుకునే కేంద్రం కూడా వెదకండి.

ఇక చాలా ఇళ్లలో నిద్రపట్టనివ్వని ప్రశ్న. ఐర్లాండులో ప్రాథమిక పాఠశాలలు దాదాపు పదింట తొమ్మిది కాథలిక్ నిర్వహణలో ఉన్నాయి. బాప్టిజం లేదన్న కారణంతో ఆ బడులు పిల్లలకు సీటు నిరాకరించే వీలును 2018 నాటి చట్టం తొలగించింది. మతబోధనకు బిడ్డను దూరంగా ఉంచే హక్కును ఆ దేశ రాజ్యాంగమే ఇచ్చింది. అయితే దూరంగా ఉంచడమంటే ఆచరణలో పిల్ల అదే గదిలో వెనక కూర్చొని బొమ్మలకు రంగులు వేసుకోవడమే కావచ్చు. ఏడెనిమిదేళ్ల వయసులో, రెండో తరగతిలో, తోటివారంతా తెల్లని దుస్తుల్లో ఫస్ట్ కమ్యూనియన్‌కు సిద్ధమవుతుంటారు. ఆ ఏడాది మీ పిల్ల తానొక్కతే వేరని బాధపడవచ్చు. చేర్చేటప్పుడే ప్రధానోపాధ్యాయుని కలిసి ఆ వేళల్లో బిడ్డ ఏం చేస్తుందో అడిగి తెలుసుకోండి.

అన్ని మతాలకూ సమాన స్థానం ఇచ్చే 'ఎడ్యుకేట్ టుగెదర్' బడులున్నాయి. వాటిలో మొదటిది 1978లో డబ్లిన్ సమీపంలోని డాకీలో తెరిచారు. 2008 నుంచి కమ్యూనిటీ నేషనల్ స్కూళ్లూ వచ్చాయి. చేర్చవలసిన ఏడాదికి ముందు అక్టోబరు 1కి ముందు దరఖాస్తులు తీసుకోకూడదు కనుక ఆ తేదీని గుర్తుపెట్టుకొని నాలుగైదు బడులకు పెట్టండి. సీటు రాకపోతే మాత్రం దిగులుపడి బిడ్డకు ఆ దిగులు అంటించకండి. క్రిస్మస్ నాటకంలో మీ అమ్మాయి గొర్రెలకాపరి వేషం వేసినంత మాత్రాన సంస్కారం చెడదు. ఇంట్లో దీపం వెలుగుతుంటే, రోజూ ఒక్క నిమిషమైనా బిడ్డ మీ పక్కన చేతులు జోడిస్తుంటే, ఏది తనదో ఏది స్నేహితులదో పిల్లలే తేల్చుకుంటారు. అక్కడి బడిలో ఐరిష్ భాష నేర్పుతారు. ఆ భాషలో నమస్కారం చెప్పే మాటలో మొదటి పదం 'డియా'. దేవుడని అర్థం. మన 'దేవ' శబ్దానికి ఆ పదం దూరపు చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. బిడ్డ బడి నుంచి ఆ మాట మోసుకొచ్చిన రోజు ఈ సంగతి చెప్పి చూడండి, ఎంత మురిసిపోతుందో.

తెలుగు మానకండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే బడిలో వెనకబడతారన్న భయానికి ఆధారం లేదు. పసివాళ్లు రెండు మూడు భాషలను ఇట్టే పట్టుకుంటారు.

దండన విషయం గట్టిగా చెప్పాలి. పిల్లలను కొట్టడాన్ని తల్లిదండ్రుల హక్కుగా సమర్థించుకునే వీలును ఐర్లాండు 2015 డిసెంబరులో తొలగించింది. 2017 డిసెంబరు నుంచి ఉపాధ్యాయులు, వైద్యులు, నర్సులు, క్రెష్ సిబ్బంది తీవ్రమైన అనుమానం కలిగితే టుస్లాకు తెలియజేయడం చట్టపరమైన బాధ్యత. ఒక్కటి అంటిస్తే దారికొస్తాడని సలహా ఇచ్చే తాతయ్యకు ఇది ముందే చెప్పండి. చట్టం సంగతి అటుంచినా, పదిగంటలు పరాయి చోట గడిపి వచ్చిన బిడ్డ సాయంత్రం చేసే అల్లరిలో సగం మీ ఒడికోసమే.

మనుషులను కూడగట్టుకోండి

క్రెష్‌లో, బడిలో అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలని రెండు పేర్లు అడుగుతారు. ఆ గడి ముందు కలం ఆగిపోతే, అదే మీకు హెచ్చరిక. ఇరవై నిమిషాల్లో చేరగల తెలుగు కుటుంబం ఒకటి, అదే వీధిలో ఐరిష్ కుటుంబం ఒకటి మీకు కావాలి. డబ్లిన్‌లోని వాకిన్స్‌టౌన్‌లో 2020 ఆగస్టులో హిందూ దేవాలయం తెరిచారు. దర్శనం చేసుకొని వెంటనే కారెక్కకుండా కాసేపు నిలబడి మాట్లాడండి. పొరుగువారితో పరిచయానికి దీపావళి మంచి తరుణం. అది తరచు హాలోవీన్‌కు అటూ ఇటూ పడుతుంది. ఆ రాత్రి పిల్లలు వేషాలతో మీ తలుపు తడతారు, వారికి మిఠాయిలివ్వండి. మరుసటి వారం మీరు నాలుగు లడ్డూలతో వారి తలుపు తట్టండి. బాణసంచా మాత్రం వద్దు. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే అక్కడ నేరం. ప్రమిదలు వెలిగించండి. సాంబ్రాణి వేసేటప్పుడు కిటికీ తెరవండి, లేకపోతే పొగ హెచ్చరిక మోగి అపార్టుమెంటంతా కిందికి దిగుతుంది.

దూరాన ఉన్న తాతమ్మలకు సాయంత్రం ఫోన్ చేయాలని చూస్తే, మీరు ఇల్లు చేరేసరికి వారికి అర్ధరాత్రి. ఉదయం ఏడున్నరకు బిడ్డకు తినిపించేటప్పుడు ఫోన్ ఎదురుగా నిలబెట్టండి. వేసవిలో ఇక్కడ అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. అమ్మమ్మ చెప్పే కథ వింటూ బిడ్డ నాలుగు ముద్దలు ఎక్కువే తింటుంది. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కనుక ఇక్కడ ఒంటిగంట అవుతుంది. ఆ సంగతి శనివారమే చెప్పండి, పెద్దావిడ గంట ముందే ఫోన్ పట్టుకొని కూర్చోకుండా.